మందు పని మానిందా? రక్తం ఇచ్చే కబురు

పెద్దపేగు కేన్సరుకు మందులు వాడుతున్నవారి ఫైలు తెరిస్తే పైన కనిపించే కాగితం సాధారణంగా సి.ఇ.ఏ. రిపోర్టే. ఇంటివాళ్లు ముందు దాన్నే చూపిస్తారు. "పోయిన నెల పన్నెండు ఉంది, ఈ నెల ఇరవై అయింది డాక్టరు గారూ, మందు పనిచేయడం లేదంటారా?" అని అడుగుతారు. ఈ మధ్య ఆ ప్రశ్నకు ఇంకొకటి తోడైంది. "లిక్విడ్ బయాప్సీ అని వచ్చిందట కదండీ, ముక్క తీయకుండా రక్తంలోనే అంతా తెలిసిపోతుందట. చేయించమంటారా?" ఆదివారం ఆరాధన ముగిశాక గుడి వాకిట్లో నిలబెట్టి అడిగినవారు కూడా ఉన్నారు. నిలబడి రెండు మాటల్లో చెప్పే జవాబు కాదు గనుక ఈ సంచికలో కాస్త వివరంగా రాస్తున్నాం.

ముందుగా ఒక సంగతి. ఈ వ్యాసం పెద్దపేగు లేదా మలాశయ కేన్సరు కాలేయానికో, ఊపిరితిత్తులకో పాకినందువల్ల దాన్ని అదుపులో ఉంచడానికి మందులు వాడుతున్నవారి గురించి. ఆపరేషను చేయించుకుని, కీమో ముగించుకుని బాగున్నవారి సంగతి వేరు. వారి కోసమూ ఇలాంటి రక్త పరీక్షలు ఉన్నాయి గాని, వాటి ఉద్దేశం వేరు. వాటి జోలికి ఇక్కడ పోవడం లేదు.

పాత పరీక్ష చెప్పేది ఎంత?

సి.ఇ.ఏ. అనే పదార్థాన్ని కెనడాలోని మాంట్రియల్ నగరంలో ఫిల్ గోల్డ్, శామ్యూల్ ఫ్రీడ్‌మన్ అనే పరిశోధకులు 1965లో కనుగొన్నారు. చవకైన పరీక్ష, చిన్న ఊళ్లలో కూడా దొరుకుతుంది. ఇన్నేళ్లయినా దాని అవసరం తీరిపోలేదు. కాని అది కేన్సరు ఎంత ఉందో సుమారుగా చెప్పే కొలత మాత్రమే. పొగతాగేవారిలోను, కాలేయం వాచినవారిలోను కూడా పెరుగుతుంది. కొత్త కీమో మొదలుపెట్టిన తొలి నాలుగైదు వారాల్లో, మందు బాగా పనిచేస్తున్నా కొందరిలో అంకె ఒకసారి పైకి లేచి తర్వాత దిగుతుంది. అందుకే ఒక్క రిపోర్టు చూసి రాత్రంతా నిద్ర మానుకోవద్దని చెబుతుంటాం. పైగా నిజంగానే మందు పనిచేయడం మానితే, ఎందుకు మానింది అన్నది సి.ఇ.ఏ. చెప్పలేదు. కొత్త పరీక్ష కొంతవరకు చెప్పగలిగేది సరిగ్గా అదే.

తలుపు మూసినా లోపలి దీపం ఆరకపోతే

ఈ కేన్సరుకు కీమోతో పాటు ఇచ్చే మందుల్లో యాంటీబాడీలనే రకం ఒకటుంది. సెటుక్సిమాబ్‌కు 2004లో, పానిటుముమాబ్‌కు 2006లో అమెరికాలో అనుమతి లభించింది. మన దేశంలో కూడా వాడుతున్నారు. సెలైనులాగా నరంలోకి ఎక్కిస్తారు. ముఖం మీద, ఛాతీ మీద మొటిమల్లాంటి పొక్కులు వచ్చేది ఈ మందులతోనే. రక్తంలో మెగ్నీషియం తగ్గించేదీ ఇవే.

కేన్సరు కణం పైపొర మీద ఇ.జి.ఎఫ్.ఆర్. అనే ఒక గ్రాహకం ఉంటుంది. పెరగమని బయటినుంచి వచ్చే కబురును అది అందుకుని లోపలికి పంపుతుంది. లోపల ఆ కబురును మోసేవాటిలో ముఖ్యమైనది రాస్ అనే ప్రోటీను. యాంటీబాడీ వెళ్లి గ్రాహకాన్ని కప్పేస్తుంది. కబురు ఆగుతుంది. కణం పెరగడం మానుతుంది.

అయితే లోపలి రాస్ జన్యువులోనే మార్పు వచ్చి ఉంటే? పొలంలో మోటారు ఆపుదామని మీటరు దగ్గర ఫ్యూజు పీకేశామనుకోండి. ఎవరో లైను తీగకు నేరుగా కొక్కెం తగిలించి ఉంటే ఫ్యూజు పీకి ఏం లాభం? మోటారు తిరుగుతూనే ఉంటుంది. రాస్ మారిన కణం అలాంటిదే. బయటినుంచి కబురు రాకపోయినా పెరుగుతూనే ఉంటుంది.

ఈ మందులు వచ్చిన కొత్తలో దాదాపు అందరికీ ఇచ్చి చూసేవారు. కె-రాస్ మార్పు ఉన్నవారికి వీటివల్ల ప్రయోజనం లేదని 2008 నాటికి రుజువైంది. పెద్దపేగు కేన్సరు వచ్చిన ప్రతి వందమందిలో సుమారు 40 మందికి కె-రాస్‌లో ముఖ్యమైన మార్పు ఉంటుంది. ఎన్-రాస్ వంటి తక్కినవాటిని కూడా కలిపితే సగం మంది అవుతారు. కాబట్టి యాంటీబాడీ మొదలుపెట్టే ముందు, ఆపరేషనులోనో బయాప్సీలోనో తీసిన ముక్క మీద రాస్ పరీక్ష చేయించడం నేడు తప్పనిసరి. మైనంలో పోసి ఉంచే ఆ ముక్కను బ్లాకు అంటారు. దాన్ని ల్యాబులో వదిలేసి ఏళ్లు గడిచాక వెతుక్కునే కుటుంబాలను చూస్తుంటాం. బ్లాకు ఎక్కడుందో, దాని నంబరు ఎంతో ఫైలు అట్ట మీదే రాసిపెట్టుకోండి.

లొంగిన వ్యాధి మళ్లీ మొండికేయడం

రాస్ మార్పు లేదని తేలి, యాంటీబాడీ ఇచ్చి, స్కానులో గడ్డలు బాగా తగ్గి, ఇల్లంతా ఊపిరి పీల్చుకున్న తర్వాత కొన్ని నెలలకు మళ్లీ పెరగడం మొదలవుతుంది. చాలామందిలో ఇలా జరుగుతుంది. కుటుంబాలకు అన్నిటికన్నా కష్టంగా తోచే ఘట్టం ఇదే. "పండక్కి ఊరెళ్లి ఒక డోసు వారం ఆలస్యం చేశాం, అందుకేనా?" అని భార్య ఏడుస్తుంది. "నాటుమందు ఇప్పించింది నువ్వే" అని అన్నదమ్ములు మాటలనుకుంటారు. అసలు కారణం ఏమిటో ఇక్కడ తెలుసుకోవాలి.

2012 జూన్‌లో ఒకే పత్రిక ఒకే సంచికలో రెండు పరిశోధనలు వెలువడ్డాయి. పత్రిక పేరు నేచర్. ఒకటి అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ వారిది. పానిటుముమాబ్ వాడిన 28 మంది రోగుల రక్తాన్ని వారు పరిశీలించారు. వారిలో 24 మందికి మొదట్లో గడ్డలో కె-రాస్ మార్పు లేదు. మందు వాడుతుండగా ఆ 24 మందిలో 9 మంది రక్తంలో కె-రాస్ మార్పు కనబడింది. అది ఎక్కువగా చికిత్స మొదలైన 5, 6 నెలలకు బయటపడింది. రెండో పరిశోధన ఇటలీలోని టొరీనో నగరంలో ఆల్బెర్టో బార్డెల్లి బృందం చేసింది. సెటుక్సిమాబ్‌తో కూడా ఇలాగే జరుగుతోందని వారు చూపారు. ఒక రోగి విషయంలోనైతే స్కానులో వ్యాధి పెరిగినట్టు తెలియడానికి 10 నెలల ముందే రక్తంలో ఆ మార్పు ఉంది.

జాన్స్ హాప్కిన్స్ వారు లెక్కలు వేసి ఇంకో సంగతి చెప్పారు. ఆ మొండి కణాలను మందు పుట్టించలేదు. చికిత్స మొదలుకాక ముందే, కంటికి ఆనని సంఖ్యలో, గడ్డలో అవి ఉన్నాయి. గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి రైతులకు ఇది కొత్త పాఠం కాదు. 1987-88లో శనగపచ్చ పురుగు మీద సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులు ఎన్నిసార్లు కొట్టినా పనిచేయక చేలు పోయాయి. లెక్కలేనన్ని పురుగుల్లో ఆ మందుకు చావనివి ముందునుంచీ కొన్ని ఉన్నాయి. చచ్చేవి చచ్చాక చేనంతా వాటిదే అయింది. ఈ కేన్సరులో జరిగేదీ అదే తీరు. ఒక డోసు వారం ఆలస్యం కావడం వల్లనో, ఒకరు పెట్టిన తిండి వల్లనో వచ్చింది కాదు. ఈ ఒక్క మాట ఇంట్లో అందరికీ చదివి వినిపించండి.

రక్తంలోకి ఎలా వస్తుంది?

మన శరీరంలో రోజూ కణాలు చనిపోతుంటాయి. చనిపోయిన కణంలోని డి.ఎన్.ఏ. ముక్కలై రక్తంలో కలుస్తుంది. ఈ సంగతిని ఫ్రాన్సులో మాండెల్, మెటైస్ అనే ఇద్దరు 1948లోనే రాశారు. డి.ఎన్.ఏ. ఆకారమేమిటో లోకానికి తెలిసింది 1953లో. అంతకు ఐదేళ్ల ముందు రాసినందువల్ల కాబోలు, చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. కేన్సరు కణాలు చనిపోయినప్పుడు కూడా వాటి డి.ఎన్.ఏ. ముక్కలు ఇలాగే రక్తంలోకి వస్తాయి. వేల మంచి ముక్కల మధ్య అవి ఏ నాలుగైదో ఉండవచ్చు. వాటిని ఒక్కొక్కటిగా లెక్కపెట్టే యంత్రాలు వచ్చాకే ఈ పరీక్ష సాధ్యమైంది.

దీనిలో రెండు సుగుణాలున్నాయి. కాలేయంలో నాలుగు గడ్డలు, ఊపిరితిత్తిలో రెండు ఉన్నాయనుకోండి. సూదితో ముక్క తీస్తే ఒక గడ్డ సంగతే తెలుస్తుంది. ఒక గడ్డ మందుకు లొంగుతూ, పక్కది లొంగకుండా ఉండడం కద్దు. రక్తంలోకి అన్నిటినుంచీ ముక్కలు వస్తాయి. రెండోది, ఈ ముక్కలు రక్తంలో ఎక్కువసేపు నిలవవు. రెండు గంటలలోపే సగం మాయమవుతాయి. సి.ఇ.ఏ. తగ్గడానికి రోజులు పడుతుంది. కాబట్టి ఈ పరీక్ష చూపేది రక్తం తీసిన రోజున ఉన్న పరిస్థితి.

మామూలు రక్త పరీక్షలాగే చేతి నరం నుంచి తీస్తారు, సాధారణంగా రెండు గొట్టాలు. ఖాళీ కడుపుతో రానక్కరలేదు. కాని మామూలు ఊదారంగు మూత గొట్టంలో తీస్తే కొద్ది గంటల్లోనే యంత్రంలో తిప్పి ప్లాస్మా వేరుచేయాలి. లేకపోతే తెల్లకణాలు పగిలి, వాటి డి.ఎన్.ఏ.లో కేన్సరు ముక్కలు మరుగున పడతాయి. దూరం పంపేటప్పుడు కొద్ది రోజులు పాడవకుండా ఉంచే ప్రత్యేకమైన గొట్టాలు వాడతారు. ఏ గొట్టంలో తీస్తున్నారని అడిగితే తప్పుగా అనుకోరు, అడగండి.

ఆపిన మందు మళ్లీ పనిచేయడం

మాకు ఎక్కువ ఆశ కలిగించిన సంగతి ఇది. యాంటీబాడీ ఆపేశాక మొండి కణాల సంగతి ఏమవుతుంది? టొరీనో బృందం 2015లో దీనికి జవాబు చెప్పింది. మందు ఆపి వేరే చికిత్సకు మారిన రోగుల రక్తంలో రాస్ మార్పు ఉన్న ముక్కలు క్రమంగా తగ్గిపోయాయి. మందు లేనప్పుడు మొండి కణాలకు ప్రత్యేకమైన లాభమేమీ లేదు. మిగతా కణాలు మళ్లీ వాటిని మించిపోతాయి. అమెరికాలోని హ్యూస్టన్ పరిశోధకులు 2019లో దీనికి ఒక లెక్క కూడా చెప్పారు. ఈ మొండి ముక్కల పాలు సుమారు నాలుగు నెలలకు సగమవుతుంది. అంటే ఎనిమిది నెలలకు పావువంతు. ఇది సగటు మాత్రమే, ఒక్కొక్కరిలో తేడా ఉంటుంది.

అలా తగ్గిపోయాక అదే మందు మళ్లీ ఇస్తే? ఇటలీలో 28 మందికి ఇచ్చి చూసిన ఒక అధ్యయనం 2019లో వచ్చింది. 6 మందిలో గడ్డలు తగ్గాయి. ఖాయంగా తగ్గినవారిలో ఒక్కరి రక్తంలోనూ మందు మళ్లీ మొదలుపెట్టే నాటికి రాస్ మార్పు లేదు. ఆ తర్వాత అక్కడే క్రోనోస్ అనే అధ్యయనం చేశారు. దాని ఫలితాలు 2022లో వెలువడ్డాయి. ఇందులో ముందు రక్తం చూసి, ఆ తర్వాతే మందు ఇచ్చారు. 52 మందికి పరీక్ష చేస్తే 16 మందిలో మొండి మార్పులు ఇంకా ఉన్నాయి. వారికి మందు ఇవ్వలేదు. మార్పులు లేనివారిలో 27 మందికి పానిటుముమాబ్ మళ్లీ ఇచ్చారు. 8 మందిలో గడ్డలు తగ్గాయి. వారితో కలిపి 17 మందిలో వ్యాధి కొంతకాలం అదుపులో నిలిచింది. అప్పటికే రెండు మూడు రకాల చికిత్సలు అయిపోయిన రోగులకు ఇది చిన్న విషయం కాదు.

ఆ 16 మంది సంగతిని కూడా మేము అంతే ముఖ్యంగా భావిస్తాం. రక్తం చూడకపోతే వారికీ మందు ఎక్కేది. ఒంటినిండా పొక్కులు, ఆసుపత్రి చుట్టూ తిరుగుళ్లు, ఖర్చు. ప్రయోజనం మాత్రం ఉండేది కాదు.

ఇదంతా విని వ్యాధి పూర్తిగా నయమవుతుందని అనుకోవద్దు. ఇక్కడ చెబుతున్నది కొన్ని నెలల అదుపు గురించి. ఆ కొన్ని నెలల విలువ ఎంతో ఆ ఇంటివారికి తెలుసు.

పరీక్షకు తెలియనివి

రిపోర్టులో "మార్పు కనబడలేదు" అని వస్తే లేనట్టేనా? ఎప్పుడూ కాదు. వ్యాధి ఊపిరితిత్తుల్లో మాత్రమే ఉన్నా, కడుపులోని పొర మీద మాత్రమే ఉన్నా రక్తంలోకి వచ్చే ముక్కలు చాలా తక్కువ. అసలు కేన్సరు డి.ఎన్.ఏ. ఏదైనా దొరికిందా అన్నది ముందు చూడాలి. ఆ రోగి గడ్డలో మొదటినుంచీ ఉన్న వేరే మార్పు రక్తంలో కనబడి, రాస్ మార్పు మాత్రం కనబడకపోతే ఆ "లేదు"ను నమ్మవచ్చు. రెండూ కనబడకపోతే ఆ రిపోర్టు మనకు ఏమీ చెప్పలేదన్నమాట. ఈ తేడా చూడకుండా రిపోర్టు పట్టుకుని సంతోషించడం, మిఠాయి పంచడం కూడా చూశాం.

దీనికి ఎదురు పొరపాటు కూడా ఉంది. వయసు మీరినవారి రక్తకణాల్లోనే కొన్ని జన్యు మార్పులు వస్తుంటాయి. వాటికీ పేగు కేన్సరుకూ సంబంధం ఉండదు. పరీక్ష వాటిని కూడా చూపించి భయపెట్టవచ్చు.

మందు మొండికేసే దారులన్నీ రాస్ గుండానే పోవు. బి-రాఫ్ మార్పు, ఇ.జి.ఎఫ్.ఆర్. గ్రాహకంలోనే మార్పు, హెర్-2, మెట్ అనే జన్యువుల కాపీలు పెరగడం వంటివి ఉన్నాయి. అసలు జన్యు మార్పేదీ లేకుండానే కణం తట్టుకోవడం కూడా జరుగుతుంది. యాంటీబాడీని మొదటి చికిత్సలోనే కీమోతో కలిపి ఇచ్చినవారిలో రాస్ మార్పులు తర్వాత తక్కువగా కనిపిస్తాయని 2022లో ఒక పరిశీలన తెలిపింది. అందుచేత రక్తంలో మార్పు లేకపోయినా స్కానులో గడ్డ పెరిగితే స్కానునే నమ్మాలి.

ఇక అందరూ అడిగే ప్రశ్న. స్కానుకన్నా ముందే రక్తంలో మార్పు కనిపిస్తే, వెంటనే మందు మార్చేస్తే మంచిది కదా? వినడానికి న్యాయంగానే ఉంటుంది. కాని అలా ముందే మార్చినందువల్ల రోగి ఎక్కువకాలం బతుకుతాడని ఇంతవరకు రుజువు కాలేదు. గడ్డలు అదుపులోనే ఉండి, రక్తంలో కొద్దిపాటి రాస్ ముక్కలు కనబడినవారికి అదే మందు ఇంకొన్ని నెలలు మేలు చేస్తుండవచ్చు. ఉన్న మందుల సంఖ్యే తక్కువ. పనిచేస్తున్న మందును తొందరపడి వదులుకోవడం తెలివైన పని కాదని మా అభిప్రాయం. మందు సాఫీగా పనిచేస్తున్న రోజుల్లో నెలనెలా ఈ పరీక్ష చేయించాల్సిన అవసరం కూడా అందుకే లేదు.

ఎప్పుడు చేయించాలి, ఎప్పుడు అక్కర్లేదు

ఈ పరీక్ష సి.ఇ.ఏ. ఖరీదులో అయ్యేది కాదు. ఒక్క రాస్ జన్యువునే చూసే పరీక్షకు ఒక ధర, డజన్ల కొద్దీ జన్యువులను చూసే పరీక్షకు దానికి ఎన్నో రెట్లు. మెడలో గొలుసు తాకట్టు పెట్టి పెద్ద పరీక్ష చేయించి, ఆ రిపోర్టుతో చేయగలిగిందేమీ లేక మిగిలిపోయిన కుటుంబాలున్నాయి. కాబట్టి డబ్బు కట్టేముందు డాక్టరు గారిని ఒకటే అడగండి. "ఈ రిపోర్టులో ఉంది అని వస్తే ఏం చేస్తారు, లేదు అని వస్తే ఏం చేస్తారు?" రెండింటికీ జవాబు ఒకటే అయితే పరీక్ష అనవసరం. రోగి బాగా నీరసించి, ఇక ఏ మందూ ఇవ్వలేని స్థితిలో ఉంటే కూడా అనవసరమే.

జవాబులు వేరుగా ఉండే సందర్భాలు ముఖ్యంగా రెండు. సెటుక్సిమాబ్‌గానీ పానిటుముమాబ్‌గానీ ఒకసారి బాగా పనిచేసి ఆగిపోయి, మధ్యలో వేరే చికిత్స నడిచి, ఇప్పుడు మళ్లీ అదే మందు ఇద్దామా అని ఆలోచిస్తున్నప్పుడు ఒకటి. ఈ సమయంలో చిన్న పరీక్షైనా ఎంతో ఉపయోగం. మొదటి ముక్క బ్లాకు దొరకక, మళ్లీ బయాప్సీ తీయడం ప్రమాదమైనప్పుడు రెండోది. బి-రాఫ్‌లో, కె-రాస్‌లో కొన్ని ప్రత్యేకమైన మార్పులు ఉన్నవారికి 2020 తర్వాత అమెరికాలో కొత్త మందులకు అనుమతులు వచ్చాయి. వాటిని యాంటీబాడీతో కలిపే ఇస్తారు. ఆ మందులు మీకు అందుబాటులో ఉంటేనే వాటి కోసం పరీక్ష. ప్రభుత్వ ఆరోగ్య పథకం కార్డు ఉన్నవారు, ఏ పరీక్షకు వర్తిస్తుందో ముందుగా ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకోండి.

మందు ఆపాలన్నప్పుడు చాలామంది "ఇక చేతులెత్తేసినట్టేనా?" అని అడుగుతారు. పైన రాసింది చదివినవారికి జవాబు తెలిసే ఉంటుంది. యాంటీబాడీ ఆపిన ఆ నెలలు మొండి కణాలు తగ్గే నెలలు. మొదటిసారి మందు ఎంతకాలం పనిచేసింది, ఆపి ఎంతకాలమైంది అన్న రెండు లెక్కలను బట్టే మళ్లీ ఇవ్వాలా, రక్త పరీక్ష ఎప్పుడు చేయించాలి అన్నది నిర్ణయిస్తారు. చివరి డోసు తేదీ ఫైలులో లేక, ఇంట్లో ఎవరికీ గుర్తులేక అంచనాగా చెప్పే కుటుంబాలే ఎక్కువ. యాంటీబాడీ మొదటి డోసు ఏ రోజు ఎక్కింది, చివరి డోసు ఏ రోజు ఎక్కింది, ఎందుకు ఆపారు అన్న మూడు సంగతులు బ్లాకు నంబరు పక్కనే రాసుకుని, వచ్చేసారి ఓ.పి.కి తెండి.